కట్ట మీద ఇరవై మూడు చెట్లు

ఫిబ్రవరి 9, మంగళవారం

నలభై మూడు డిగ్రీలు. భూమికి ఈ దక్షిణపు సగంలో ఫిబ్రవరి అంటే నడివేసవి. కుంటలో నీళ్ళు ఇంకో జానెడు దిగాయి. బాప్తిస్మం మెట్లు ఏడూ బయటపడ్డాయి. చివరి మెట్టు కింద నేల నెర్రెలు విచ్చింది, ఆ నెర్రెల్లో ఎండిన రొయ్యల డిప్పలు. ఆ మెట్టు మీద నిలబడే ఇరవై మూడు మందిని ముంచి లేపాను. అందరికంటే ముందు నా భార్య ఐవీని.

ముంచి లేపిన ప్రతి మనిషి చేతా కట్ట మీద ఒక నీలగిరి మొక్క నాటించాను. నీతిమంతుడు నీటి ఒడ్డున నాటిన చెట్టులాంటివాడు, వాడి ఆకు వాడదు అని కీర్తనలో ఉంది. అందరూ చదువుతారు. చదివినదాన్ని పలుగు పట్టి చేసినవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే. బడికి పదమూడో ఏటే సెలవు పెట్టినవాణ్ణి, నాకు వాక్యమే బడి.

ఈ కరువుకి తొమ్మిది చెట్లు నిలువునా ఎండిపోయాయి. ఎవరెవరివో ఇక్కడ రాయను. ఐవీ చెట్టు పచ్చగానే ఉంది. దాని మొదలు నా రెండు చేతులకీ అందదు. ఐవీ పోయి రెండేళ్ళు.

మధ్యాహ్నం వెర్నా హాకిన్ మేకపాలు తెచ్చింది. కట్టకి దిగువన మూడొందల గజాల్లో ఆవిడ ఇల్లు, మేకల కొట్టం. పాతికేళ్ళు స్కూలు బస్సు నడిపింది. ప్రభువుని నమ్మదు. నమ్మనని నా మొహం మీదే అంటుంది.

"ఏమయ్యా బోధకుడా, ఈ వారం కూడా మబ్బు రాలేదే. ప్రార్థన మీద అడ్రసు తప్పు రాశావేమో చూసుకో."

"దిగువన నీలాంటివాళ్ళున్నారని ఆగాడు."

"దిగువనున్న మాట నిజమే. నీ కుంట నీళ్ళకి ఎప్పుడు కాళ్ళొచ్చినా మొదటి చుట్టం ఇల్లు నాదే."

నవ్వింది. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 17, బుధవారం

కట్ట బయటివైపు, అడుగున, ఐవీ చెట్టుకి సూటిగా కింద తుంగ మొలిచింది. వేలు గుచ్చితే నీళ్ళు. చుట్టూ పదిమైళ్ళు బూడిద రంగులో ఉంటే అక్కడ మాత్రం చాపంత పచ్చదనం. ఎడారిలో ఊటలు పుట్టిస్తానన్నవాడు నా కట్ట కింద పుట్టించాడు. మోకాళ్ళ మీద పడ్డాను. ప్యాంటు తడిసింది. ఎన్నాళ్ళకి తడిసింది. స్తోత్రం.

ఫిబ్రవరి 21, ఆదివారం

గొర్రెల షెడ్డులో ఆరాధన. పద్నాలుగు మంది. ఊట మీద గంటన్నర చెప్పాను, గొంతు పోయింది. మా పాటలు నడిపించే వెస్ పాస్కో ఒక్కడే ఆమేన్ అన్నాడు. మిగతావాళ్ళు ఆకాశం కేసి చూసి చూసి అలిసిపోయిన జనం. ఊట చూపిస్తాను రండని కట్ట కిందికి నడిపించుకుపోయాను. అక్కడ వెర్నా కంచె బిగించుకుంటోంది.

"అది ఊట కాదు ఆమోస్. కుంట కారుతోంది."

"దేవుడు చేసిన పనిని కారడం అంటావా?"

"నేను దేవుణ్ణనలేదయ్యా, కట్టనన్నాను. మా నాన్న ఈ జిల్లాలో నలభై కుంటలు తవ్వాడు. కట్ట మీద గడ్డి తప్ప ఏదీ మొలవనిచ్చేవాడు కాదు. చెట్టు బతికున్నన్నాళ్ళూ వేరు తడిని వెతుక్కుంటూ కట్టలోకి పోతుంది. చచ్చాక కుళ్ళి, గొట్టమైపోతుంది. నీ కట్ట కడుపులో ఎన్ని గొట్టాలున్నాయో నీకే తెలీదు."

వెస్ అడ్డుపడ్డాడు. "అక్కా, సంఘం ముందు అలా మాట్లాడకండి."

"తమ్ముడూ, సంఘం ఆదివారం వచ్చి పోతుంది. నేను రోజూ ఇక్కడే పడుకుంటాను."

పోతూ పోతూ చెప్పింది. నీళ్ళు తేటగా వస్తున్నంతవరకు ఫరవాలేదట. బురదగా వచ్చిన రోజు కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టట. తేటగానే ఉన్నాయి. అద్దంలా ఉన్నాయి. చూశావా అన్నాను. చూశాలే అంది.

మార్చి 14

వాన లేదు.

ఏప్రిల్ 6, మంగళవారం

వెర్నా ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుంది. టీ తాగలేదు. అంటే వ్యవహారం.

వాళ్ళ తమ్ముడి దగ్గర మట్టి తవ్వే మిషను మూడు వారాలు ఖాళీగా ఉంటుందట. చెట్లు కొట్టేస్తే చాలదట, వేళ్ళతో సహా పెకలించి, ఆ గోతుల్లో బంకమట్టి పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టాలట. కుంట అడుగంటి ఉన్నప్పుడే చెయ్యాలట. నిండాక ఎవరూ చెయ్యి పెట్టలేరట.

"ఎన్ని చెట్లు?"

"అన్నీ. ముందు ఐవీది. తడి దాని కిందే ఉంది."

"ఆ చెట్టు జోలికి ఎవరూ పోరు."

ఆవిడ టీ కప్పు పక్కకి జరిపింది. "ఐవీ నాకూ స్నేహితురాలే ఆమోస్. నీకు తెలీని సంగతులు కూడా నాతో చెప్పుకునేది. ఆవిడ ఆ కట్టలో లేదయ్యా."

నేను లేచి తలుపు తీశాను.

సాయంత్రం గొడ్డలి తీసుకుని వెళ్ళాను. చెట్ల మొదలున గొడ్డలి పెట్టి ఉంది, మంచి పండు కాయనిదాన్ని నరికి మంటలో వేస్తాడు అని ఈ నోటితో ఎన్నిసార్లు అరిచానో. చెక్కబల్ల మీద గుద్ది మరీ అరిచాను. ఐవీ చెట్టు బెరడు చీరికలుగా ఊడుతోంది, దాని కింద కొత్త చర్మం, పాలమీగడ రంగు. చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది. గొడ్డలి వెనక్కి తెచ్చేశాను.

ఇది పండు కాసే చెట్టు. వాక్యం దీనికి వర్తించదు.

మే 20, గురువారం

మూడు చెట్లు కొట్టేశాను. విశ్వాసం వదిలి వెళ్ళిపోయిన ముగ్గురివి. ఒకడు పట్నంలో సారా దుకాణం పెట్టాడు, వాడి చెట్టు మొదట. దాంతో కట్టకీ మంచి జరిగింది, సంఘానికీ శుద్ధి జరిగింది.

వెర్నా వచ్చి మోళ్ళని బూటుతో తన్ని చూసింది.

"వేళ్ళు లోపలే వదిలేశావా?"

"కొట్టమన్నావు, కొట్టాను."

"పెకలించమన్నాను. ఇప్పుడివి కూడా కుళ్ళుతాయి." తలపట్టుకుంది. "నువ్వు పాపుల్ని ఏరావా, చెట్లని ఏరావా?"

ఆవిడతో వాదం పెట్టుకుంటే తెల్లారదు. ఆ మిషనేదో జూలైలో చూద్దామన్నాను.

జూన్ 27, ఆదివారం

ఉపవాసం. తొమ్మిది మందే వచ్చారు.

జూలై 30

మిషను వేరే ఊరు వెళ్ళిపోయిందట. నా తప్పు కాదు.

ఆగస్టు 11, బుధవారం

వాన!

పొద్దున ఏడింటికి మొదలై ఇంకా పడుతోంది. రేకుల మీద ఆ మోత వింటూ వరండాలో నిలబడి ఏడ్చాను. ఏడేళ్ళు. ఏలీయా ప్రవక్త అరచేయంత మబ్బు లేచిందని వినగానే పరిగెత్తాడు, నాకు డెబ్భై ఒకటి, మోకాళ్ళు లేవు, లేకపోతే పరిగెత్తేవాణ్ణి. వెర్నాకి ఫోన్ చేసి, అడ్రసు సరిగ్గానే రాశాను అన్నాను. "రిజిస్టర్డ్ పోస్టులో పంపినట్టున్నావు, ఇంత ఆలస్యమైంది," అంది. చాలాకాలానికి ఇద్దరం హాయిగా నవ్వుకున్నాం.

ఆగస్టు 29, ఆదివారం

ఐదు మెట్లు మునిగాయి. జనం తిరిగొస్తున్నారు. షెడ్డులో ముప్పై మంది.

వెర్నా ఆ తడి దగ్గర గొట్టం ముక్క ఒకటి గుచ్చి దాని కింద జామ్ సీసా పెట్టింది. పైనుంచి వాన పడకుండా రేకు కప్పింది. రోజూ పొద్దున్నే సీసాని వెలుగుకి పట్టి చూస్తుంది. తేటగానే ఉందని ఆవిడే చెప్పింది. ధార మాత్రం పెరిగిందట. కుంట నిండితే ధార పెరగదా మరి.

సెప్టెంబరు 3, శుక్రవారం

రెండు రోజులుగా విడవకుండా కుండపోత. ఆరో మెట్టు, ఏడో మెట్టు, అన్నీ లోపలే. అలుగుకి ఇంకా మూరెడే ఉంది.

వెర్నా గొడుగు లేకుండా వచ్చింది, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. "తూము తెరువు ఆమోస్. సగానికి దించెయ్. నీ నీళ్ళు నాకేం వద్దు, కాలవలో పోనీ."

"ఏడేళ్ళు అడిగి తెచ్చుకున్న నీళ్ళు రెండు రోజుల్లో పారబొయ్యమంటావా? ఆదివారం కృతజ్ఞతారాధన. జిల్లా నలుమూలల నుంచీ వస్తున్నారు, నిండిన కుంట చూడ్డానికి. సోమవారం తెరుస్తాను."

"తాళంచెవి నాకివ్వు. నేనే తిప్పుకుంటాను."

తూము చక్రానికి తాళం వేసింది నేనే, పిల్లలు ఆడుకుంటున్నారని. ఇవ్వలేదు. సోమవారం అన్నానుగా అన్నాను.

"నీ సోమవారాలు నాకు తెలుసు," అని వెళ్ళింది. కోపంగా వెళ్ళలేదు. అలిసిపోయినట్టు వెళ్ళింది.

సెప్టెంబరు 5, ఆదివారం

కట్టకి గండి పడింది. వెర్నా పోయింది.

సెప్టెంబరు 7, మంగళవారం

పోలీసాయన రాసుకున్నాడు. నేనూ రాస్తాను.

పదకొండూ పదికి పాట పాడుతున్నాం. అరవై మంది. వెస్ పాడడం ఆపేసి కిందికి చూశాడు. నేల చెక్కలు వణుకుతున్నాయన్నాడు. బయటికొచ్చేసరికి ఐవీ చెట్టు ఒరుగుతోంది. గాలి లేదు. మెల్లగా, పెద్దావిడ కుర్చీలో కూలబడినట్టు ఒరిగింది. దాని వేళ్ళు పట్టుకున్న మట్టంతా, కట్టలో అంత భాగం, దాంతోపాటే లేచింది. ఆ సందులోంచి నీళ్ళు. పక్క చెట్టు, దాని పక్కది. తర్వాత చెట్లు లెక్కపెట్టడానికి కట్ట లేదు.

పది నిమిషాల్లో ఏడేళ్ళ నీళ్ళూ దిగిపోయాయి.

వెర్నా దిగువ కంచెలో చిక్కుకుని దొరికింది. కొట్టం లేదు. ఇల్లు నిలబడింది, లోపల మోకాలెత్తు మట్టి. ఇరవై ఆరు మేకలు గుట్టమీద బతికే ఉన్నాయి, వాటిని పైకి తోలింది ఆవిడే. ఆఖరి రెండింటి కోసం వెనక్కి దిగినట్టుంది, ఆ రెండూ ఆవిడ పక్కనే దొరికాయి. ఆవిడకి ముందే అనుమానం వచ్చినట్టుంది. ఎలా వచ్చిందో.

సెప్టెంబరు 8, బుధవారం

వెర్నా కూతురు గెయిల్ పట్నం నుంచి వచ్చింది. ఈ పిల్లని నడక రాని నాటి నుంచీ ఎరుగుదును. మా వరండాలో నిలబడింది, లోపలికి రమ్మంటే రాలేదు.

"అంకుల్, అమ్మ మీకు ఫోన్ చేసిందా? ఆదివారం పొద్దున?"

"లేదమ్మా."

"చెయ్యకుండా ఉండదే. అంత మేకల మందని తోలిందంటే ఏదో చూసే ఉంటుంది. చూసి ఊరుకునే మనిషి కాదు."

"ఫోను తీగలు తెగిపోయాయి కదమ్మా."

తల ఊపింది. తీగలు తెగింది గండి పడ్డాక.

సెప్టెంబరు 10, శుక్రవారం

పట్నంలో ఖననం. నన్ను మాట్లాడమనలేదు. వెనక వరసలో కూర్చున్నాను.

బయట వెస్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "దేవుడి చిత్తం బ్రదర్. ఏడేళ్ళు అడిగాం, ఇచ్చాడు. ఎంత ఇవ్వాలో, ఎవర్ని పిలుచుకోవాలో ఆయనకే తెలుసు. మీరు మనసులో పెట్టుకోకండి."

ఇచ్చినవాడే తీసుకున్నాడు, ఆయన నామానికి స్తుతి. నలభై శవపేటికల మీద ఈ మాట చెప్పాను. బిడ్డని పోగొట్టుకున్న తల్లులకి కూడా చెప్పాను, గట్టిగా, వాళ్ళు ఏడుపు ఆపేదాకా. వెస్ నా దగ్గరే నేర్చుకున్నాడు. వాడి చెయ్యి బరువుగా ఉంది. తీసేస్తే బాగుండుననిపించింది.

సెప్టెంబరు 12, ఆదివారం

లేచి నిలబడ్డాను. పుస్తకం తెరిచాను. మూశాను. పాట పాడించి పంపేశాను. పాపం, దుఃఖంలో ఉన్నాడు అనుకుంటూ పోయారు.

సెప్టెంబరు 15, బుధవారం

ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడా రాయను.

తొమ్మిదింబావుకి ఫోన్ చేసింది. నేను టై కట్టుకుంటున్నాను.

"ఆమోస్, సీసాలో నీళ్ళు టీ రంగులో ఉన్నాయి."

"వాన కదా, పైనుంచి మట్టి దిగి ఉంటుంది."

"రేకు కప్పి ఉంది. కింది నుంచే వస్తోంది. వచ్చి తూము తిప్పు. లేదా ఆ తాళంచెవి ఎవరిచేతన్నా పంపు."

"జనం వచ్చేశారు వెర్నా. ఆరాధన కాగానే వస్తాను."

"ఎంతసేపు?"

"గంట."

వెనక మేక ఒకటి అరుస్తోంది. "గంటంటే గంటేనా? నీ గంటలు నాకు తెలుసు."

"ఈసారికి గంటే."

"సరే. ఈలోపు మేకల్ని గుట్ట ఎక్కిస్తాను. నీ మాట మీద ఉంటున్నాను మరి."

నా మాట మీద ఉంది. అదీ ఆవిడ నమ్మిన సంగతి. దేవుణ్ణి నమ్మని మనిషి నన్ను నమ్మింది.

తాళంచెవి నా కోటు జేబులో ఉంది. బోధించేటప్పుడు నేను ఆ జేబులో చెయ్యి పెట్టుకుంటాను. తగులుతూనే ఉంది.

పదింబావుకి గడియారం చూశాను. వెస్ సాక్ష్యం చెబుతున్నాడు. పదీ నలభైకి మళ్ళీ చూశాను. కట్టని ప్రభువే పట్టుకుంటాడు అనుకున్నాను.

అబద్ధం. అలా అనుకోలేదు. ఆ నిమిషంలో ఆవిడ సంగతే నాకు పట్టలేదు. అరవై మంది ఏడుస్తున్నారు. నా మాటకి ఏడుస్తున్నారు. ఏడేళ్ళుగా ఖాళీ కుర్చీలకి చెప్పినవాణ్ణి, ఆ ఏడుపు వదిలి రాలేకపోయాను. నోవహు జలప్రళయం గురించి చెబుతున్నాను అప్పుడు. హెచ్చరిస్తే వినని జనం గురించి.

తూము తెరిచినా అంత నీరు గంటలో దిగేది కాదని పోలీసాయన అన్నాడు. కావచ్చు. మేకల్ని వదిలేసి నువ్వు పైకొచ్చెయ్ అని చెప్పడానికి తాళంచెవి అక్కర్లేదు.

సెప్టెంబరు 16

ప్రార్థన చేద్దామని కూర్చున్నాను. ఏమని పిలవాలో తెలీలేదు.

సెప్టెంబరు 18, శనివారం

పొద్దున వెర్నా ఇంటికి వెళ్ళాను. గెయిల్ వంటగదిలో పారతో మట్టి ఎత్తుతోంది. గోడల మీద నడుం దాకా నీళ్ళ గీత. గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. ఫోన్ చేసింది, గంటలో వస్తానన్నాను, తాళంచెవి నా జేబులో ఉంది, నీకు లేదని చెప్పాను.

ఆ పిల్ల పార ఆపలేదు. రెండు పారలెత్తాక అడిగింది.

"ఆరాధన ఎంతసేపు సాగింది?"

"దగ్గర దగ్గర రెండు గంటలు. అప్పటికీ అయిపోలేదు."

"ఎవరైనా ఆపొద్దన్నారా?"

"లేదు."

"ఫోన్లో అమ్మ భయపడినట్టుందా?"

అబద్ధం చెబితే తేలిగ్గా ఉండేది. "లేదు. నా మాట మీద ఉంటున్నానంది."

అప్పుడు ఆపింది. గోడ వైపు తిరిగి నిలబడింది. క్షమాపణ గురించి నాకు కంఠతా వచ్చిన వాక్యాలు నూటికి తక్కువుండవు. ఒక్కటి కూడా నోటిదాకా రాలేదు, వచ్చినా ఆ గదిలో అనేవాణ్ణి కాదు.

"పోలీసులకి చెప్పారా పెంగిల్లీ గారూ?" అంది. అంకుల్ అన్న పిలుపు పోయింది, ఇంటిపేరొచ్చింది.

"సోమవారం వెళ్ళి చెబుతాను."

చేతులు తుడుచుకుని, తన ఫోన్లో నంబరు కలిపి నా చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఎదుటే చెప్పాను. పోలీసాయన రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ చెప్పాను. సంతకం పెట్టాల్సి ఉంటుందన్నాడు.

ఫోన్ తిరిగిచ్చాను. ఇక వెళ్ళనా అని అడిగాను.

"ఈ మట్టి మీ కట్టదే కదా?"

"అవును."

"అయితే తీసుకెళ్ళండి."

ఇంటికెళ్ళి ఒంటిచక్రం బండి తెచ్చాను. ఆ పిల్ల ఎత్తి పోస్తుంది, నేను ఎగువకి తోసి గండి దగ్గర కుమ్మరించి వస్తాను. పన్నెండో బండి దగ్గర మట్టిలోంచి వెర్నా చెంచాలు వచ్చాయి. ఆ పిల్ల వాటిని ఏరి, చొక్కాకి తుడిచి, కిటికీలో వరసగా పెట్టింది. నేను బయటికొచ్చి బండి పట్టుకుని నిలబడ్డాను, పిలిచేదాకా.

పొద్దు వాలేసరికి ముప్పై ఒక్క బండి. వంటగది సగమైంది. వేళ్ళు ముడుచుకుపోయాయి, ఈ కలాన్ని ఎడమ చేత్తో కుడి వేళ్ళ మధ్య దోపుకుని రాస్తున్నాను.

ఇందాక వెస్ ఫోన్ చేశాడు. రేపటికి ఏ వాక్యం బ్రదర్, పాటలు చూసుకోవాలి అని. రేపు నేను రాను, వంటగది కాక ఇంకా మూడు గదులున్నాయి అన్నాను. ఎప్పటికవుతుంది అన్నాడు.

తెలీదన్నాను.